పిండి కొద్దీ డైటు

తెలుగింట్లో విప్లవాలన్నీ ల్యాబ్ రిపోర్టుతోనే మొదలవుతాయి. ఇంటి యజమానికి మూడు నెలల షుగర్ ఎనిమిది దాటిందని కాగితం వచ్చిన సాయంత్రమే కుటుంబమంతటికీ అన్ననిషేధం అమల్లోకి వస్తుంది. మద్యనిషేధానికైనా అసెంబ్లీలో చర్చంటూ ఒకటి జరిగింది. దీనికి అదీ లేదు. ఎదిగే పిల్లలకూ, పళ్లూడిన తల్లికీ, రక్తం తక్కువై నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే భార్యకూ ఒకటే శిక్ష. షుగర్ ఒకరిది, పథ్యం అందరిదీ. "రేపట్నుంచి రాత్రిపూట ఈ ఇంట్లో అన్నం కనపడకూడదు" అని అయ్యగారు హుకుం జారీ చేసి, టీవీ పెట్టుకుని కూర్చుంటారు.

నిజంగానే కనపడదు. దాని చోట నాలుగు చపాతీలు, గిన్నెడు ఆలూ కుర్మా కనపడతాయి. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, గోధుమపిండిలో 64. ఈ తేడా చూసుకునే అయ్యగారికి అంత ధీమా. అయితే నాలుగు చపాతీలకు పట్టే 120 గ్రాముల పిండి తూచి చూస్తే లెక్క మళ్లీ నూరు గ్రాముల బియ్యం దగ్గరికే వచ్చి ఆగుతుంది. మీద బంగాళాదుంప ఉండనే ఉంది. అదీ పిండిపదార్థమే గానీ, మనవాళ్లు దాన్ని కూరగాయల ఖాతాలో రాసుకుని ఎన్నో ఏళ్లయింది.

ఇక గురువుల ప్రవేశం. మనకు డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్తే అనుమానం, ఎవరో ఫోన్లో చెప్తే వేదం. కొబ్బరినూనె తాగమనే గురువొకరు, ఉప్పు మానమనే గురువొకరు, అంబలి తాగమనే గురువొకరు. అయ్యగారు ఎవరినీ నొప్పించే మనిషి కారు. పొద్దున్నే కొబ్బరినూనె, మధ్యాహ్నం ఉప్పులేని కూర, అది దిగడానికి ఆవకాయ, సాయంత్రం అంబలి. ఆ పైన ఎప్పటిలాగే భోజనం.

తర్వాత బియ్యం కొట్టు. కొట్టువాడు తక్కువ తిన్నవాడేం కాదు, "షుగరోళ్లకి స్పెషల్ సార్" అని ఓ బస్తా చూపిస్తాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కష్టపడి తయారుచేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా. రక్తంలో చక్కెరను కొంత నిదానంగా పెంచే రకం. ఎంత తినొచ్చో బస్తా మీద రాయలేదు కదా, "ఇది షుగర్ బియ్యమేనోయ్" అంటూ అయ్యగారు రోజూ తినేదానికి రెండు గరిటెలు కలుపుతారు. శాస్త్రవేత్తలు తగ్గించింది ఆయన తిరిగి పూడ్చేస్తారు.

చిరుధాన్యాల వైభవం చెప్పనక్కర్లేదు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమయ్యాక అది మరీ వెలిగిపోయింది. తాత జొన్నగటక తాగి, వరన్నం కోసం పండగ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. మనవడు ఏడాది పొడవునా వరన్నం తిని, జొన్నల కోసం ఏసీ షాపులో కార్డు గీకుతున్నాడు. మంచిదే. వాటిలో పీచు ఎక్కువ, కడుపులో నెమ్మదిగా కరుగుతాయి. కానీ జొన్నలో నూటికి 68, రాగిలో 67 గ్రాములు పిండిపదార్థమేనన్న ముక్క ప్యాకెట్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొర్రన్నం కూడా అదే కంచంలో అదే గుట్టగా పడుతుంది. "మిల్లెట్టే కదా" అని మారు వడ్డన కూడా నడుస్తుంది.

టిఫిన్ల జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది కాబట్టి దానికి ఏ పాపమూ అంటదు. ఉప్మా జ్వరమొచ్చినవాళ్లే తింటారు కాబట్టి అది మందుతో సమానం. పూరీ ఆదివారం మాత్రమే కాబట్టి లెక్కలోకి రాదు. ఉన్నంతలో పూర్తిగా పప్పుతో చేసుకునే ఘనమైన టిఫిన్ పెసరట్టు. దాని కడుపులో కూడా ఉప్మా కుక్కి, దానికి ఎమ్మెల్యే హోదా కట్టబెట్టిన జాతి మనది.

ఇంక మధ్యాహ్నం భోజనం దగ్గర కాసేపు నిలబడి చూడండి.

"ఇంకొంచెం అన్నం వెయ్యనా అండీ?"

"వద్దు వద్దు. తగ్గించాను కదా."

"కంచంలో పప్పు మిగిలిపోయింది."

"పారేస్తామా ఏంటి? దాన్లోకి ఓ గరిటె వెయ్యి."

పప్పు అయిపోయి, అన్నం మిగిలింది. దాన్లోకి చారు పోయించుకున్నారు. చారు ఎక్కువై కంచం అంచు దాటబోతే కాలవకు గట్టు వేసినట్టు ఇంకో గరిటె అన్నం అడ్డం వేయించారు. చివరికి పెరుగు. "పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుంటుందటే?" ఆయన మాటా న్యాయమే. పప్పులోకి ఒక్క గరిటే, కూరలోకి ఒక్క గరిటే, చారులోకి ఒక్క గరిటే, పెరుగులోకి ఒక్క గరిటే. ఏ ఒక్కదాంట్లోనూ ఎక్కువ తినలేదు. ఈ తతంగమంతటికీ కంచం అంచున నిలబడి సాక్ష్యం చెప్పింది చెంచాడు దొండకాయ వేపుడు. ఇంతమందున్న ఇంటికి పావుకిలో దొండకాయలు తెస్తే, వేగి ముడుచుకున్నాక మనిషికి దక్కేది అంతే మరి.

వంటింట్లో మాత్రం విప్లవం నిజంగానే వచ్చింది. ఆయనకు కొర్రన్నం, అది చూస్తే మొహం తిప్పుకునే పిల్లలకు మామూలు అన్నం, అత్తగారికి మెత్తగా ఉడికించింది, రాత్రికి చపాతీలు. అన్నం తగ్గిందో లేదో గానీ పొయ్యి మీద గిన్నెలు పెరిగాయి. అందరి తిళ్లూ అయ్యాక అడుగున మిగిలిన కొర్రన్నం, పిల్లలు వదిలేసిన అన్నం, చల్లారిన చపాతీ ముక్క కలిపి ఆవిడ భోజనం. పారేయడానికి మనసొప్పదు కదా. ఆ ఇంట్లో నిజమైన పిండిపదార్థాల బుట్ట ఆవిడే. ఆవిడ మూడు నెలల షుగర్ ఎంతో అడక్కండి. ఆవిడకు పరీక్ష చేయించాలని ఇంతవరకు ఎవరికీ తట్టలేదు.

ఇంతకీ కంచంలో ఏముండాలో చెప్పే నాథుడు లేడా? ఉన్నాడు, హైదరాబాదులోనే ఉన్నాడు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దాని ముందు నుంచే మనం బిర్యానీ పార్సిళ్లు పట్టుకుని బండ్ల మీద వెళ్తుంటాం. ఆ సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు చాలంది. అందులో బియ్యం, గోధుమలు, కొర్రలు, ఇడ్లీ రవ్వ అన్నీ వచ్చేశాయి. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. దాంతో పాటు పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు ఉండాలంది. మనం మొదటి వాక్యం చదివి కాగితం మడిచేశాం. తగ్గించమన్నది విన్నాం, పెంచమన్నది వినలేదు.

మనమే కాదు, ప్రభుత్వాలూ అంతే చదివాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు అది ఆకలికి మందు. గంజి తాగి పడుకునే ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ మాట మీద వెటకారం చేసేవాడు ఎప్పుడూ పస్తు పడుకోనివాడు. కానీ నలభై ఏళ్లు గడిచాక కూడా మందు చీటీలో అదే ఒక్క మందు! తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. తార్నాక చెప్పిన 250లో 200 సర్కారే తీర్చేసింది. మిగిలిన 85 గ్రాముల పప్పు, 400 గ్రాముల కూరగాయలు, పాలు బజారు ధరకు కొనుక్కోవాలి. మాటవరసకు, కూలికెళ్లే మనిషి ఒకామె పెద్దాసుపత్రి ఓపీలో మూడు గంటలు నిలబడి డాక్టరు ముందుకొస్తే, ఆయన తలెత్తకుండా "అన్నం తగ్గించమ్మా" అని చీటీ చేతిలో పెడతాడు. ఆమె కంచంలో ఉన్నవి రెండే, అన్నం, పచ్చడి. అన్నం తీసేస్తే పచ్చడి నాకాలా సారూ?

ఆమెకైతే గతిలేదు. మీకేమైంది మహాశయా? బిర్యానీకి మూడొందలు, షుగర్ బిస్కెట్లకు రెండొందలు, కొర్రలకు నూటయాభై చెల్లించే చేతికి ఆకుకూరల దుకాణం దగ్గర మాత్రం ఎక్కడలేని పొదుపు వస్తుంది. "కట్ట పదిహేనా? పదికిస్తావా లేదా?" అని తోటకూర అమ్మే ముసలమ్మతో మీరు చేసే బేరం చూస్తే అసలు జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. కంచంలో కూర పెరగనంతకాలం అన్నం తగ్గదు. తగ్గించినట్టు మీరు నటిస్తారు, తగ్గినట్టు మీ ఇంట్లోవాళ్లు నమ్ముతారు, ల్యాబ్‌వాడు మాత్రం నమ్మడు.

కాబట్టి ఆ హుకుం వెనక్కి తీసుకోండి. పిల్లల కంచంలో అన్నం జోలికి వెళ్లకండి, ముందు దాని పక్కన గుడ్డు పెట్టండి, పప్పు గట్టిగా వెయ్యండి. భార్యకు రక్తపరీక్ష చేయించండి. ఇంటికి నలుగురైతే తార్నాక లెక్కన రోజుకు కిలోన్నర పైచిలుకు కూరగాయలు కావాలి. వాటిని తేవాలి, కడగాలి, తొక్కతీయాలి, తరగాలి. గంటకు తక్కువ పని కాదు. టీవీ చర్చ కూడా సరిగ్గా గంటే కదా. కత్తిపీట వంటింట్లో ఎక్కడుంటుందో మీకు తెలియకపోవచ్చు, అడిగితే ఆవిడ చెప్తుంది. షుగర్ మీది, కత్తిపీట ముందు మీరే కూర్చోండి.