స్టెప్నీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "దారి లేని చోటే మా దారి."

అవతారిక. కవి ఎవరో తెలియదు, స్టిక్కర్ల కొట్టువాడు కావచ్చు. పట్నం నుంచి కురుపాం మీదుగా కొండలవైపు పోతున్న ఒక ఫోర్ బై ఫోర్ జీపు స్టెప్నీ తొడుగు మీద ఈ కావ్యం వెలసింది. సందర్భం జీపుల ట్రయల్. స్నేహపూర్వకమట, బహుమతులు లేవట. వానకు నానిన వాలులో కర్రలు పాతి, వాటి మధ్య నుంచి బండి తోలుతారు. కర్ర తగిలితే పాయింట్లు పోతాయి, మధ్యలో ఆగితే మరికొన్ని పోతాయి. దిగబడినవాణ్ని లాగడానికి పోటీదారుడే వించి తాడు పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. మలేషియాలో 1997లో పుట్టిన రెయిన్ ఫారెస్ట్ ఛాలెంజ్ 2014లో గోవాకు కూడా వచ్చింది గనక శాస్త్రానికి సంప్రదాయబలమూ ఉంది. ఇంతవరకూ మాకు ఆక్షేపణ లేదు. బురదలో ఆడుకునే హక్కు పిల్లలకే రాసివ్వలేదు. పేచీ అంతా ఆ వాక్యంతోనే.

ప్రతిపదార్థం. "దారి", "చోటే", "మా" సులభములు, వదిలేశాం. మిగిలింది "లేని". ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని మల్లినాథసూరి మాట ఇచ్చాడు. ఆయనకు దొరికింది కాళిదాసు, మాకు దొరికింది స్టెప్నీ. కాబట్టి అక్కర లేనిదే ముందు చెబుతాం.

ఈ సవర కొండల్లోకి దారి చూసుకోకుండా వెళ్లినవారిలో అగ్రగణ్యుడు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల మాట ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వాళ్ల లోపం కాదు, తన లోపం అనుకున్నాడు. పంతుళ్లలో ఇది అరుదైన గుణం. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, కొండలెక్కాడు. మన్యపు జ్వరం పట్టుకుంది. క్వినైను మింగగా మింగగా వినికిడి పోయింది. ఒక భాషను వినడానికి వెళ్లి చెవులే ఇచ్చి వచ్చినవాడు మన వాఙ్మయంలో మరొకడు ఉన్నాడా? సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వీపు మీద ఏ వాక్యమూ అంటించుకున్న దాఖలా లేదు. గ్రాంథికం మీద కత్తి దూసినవాడూ ఆయనే గనక, ఈ టీకా కంటబడితే జీపును వదిలేసి ముందు మా సంగతి చూసేవాడు.

ఎక్కడున్నాం? "లేని" దగ్గర.

తార్కికులు లేమిని నాలుగు రకాలన్నారు. రోడ్డు ఇంకా పడలేదు, పడుతుంది అంటే ప్రాగభావం. ఎన్నికల ముందు వినిపించేది ఇదే. వేసిన రోడ్డు రెండు వానలకు గెడ్డలో కలిస్తే ప్రధ్వంసాభావం. నిన్నా లేదు, నేడూ లేదు, రేపూ ఉండదు అనేది అత్యంతాభావం, కొండ కొసన ఉండే ఊళ్లకు ఇది బాగా తెలుసు. కాగితం మీది రోడ్డు కొండమీది రోడ్డు కాదు, కొండమీదిది కాగితం మీదిది కాదు అంటే అన్యోన్యాభావం. దీన్ని ఉదాహరించడానికి తార్కికులు కుండనూ గుడ్డనూ వెతుక్కున్నారు పాపం, మా బిల్లులు చూడలేదు.

జీపువారి లేమి ఈ నాలుగింటిలోనూ ఇమడదు. పక్కనే తారు రోడ్డు ఉంది. దాన్ని వదిలిపెట్టి, టైర్లలో గాలి తగ్గించి మరీ బురదలో దిగారు. గట్టు మీద చుట్ట కాల్చుకుంటున్న ముసలాయన పూర్వపక్షం చేశాడు: "అటేపు మంచి దారుంది గదా బాబూ, ఇటెందుకొచ్చినారు?" సిద్ధాంతి దగ్గర సమాధానం లేదు. వించి తాడు సవరించుకున్నాడు.

పాఠాంతరం. కొండవైపు ప్రతులలో ఇదే వాక్యం "దారి లేని చోటే మా ఊరు" అని కనబడుతుంది. ఛందస్సు చెడలేదు. గొప్ప మాత్రం పోయింది. మా ఓటు ఈ పాఠానికే.

తాత్పర్యం. రోడ్డు లేని కొండల మీది గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తెచ్చి ఉంచడానికి సాలూరులోనూ గుమ్మలక్ష్మీపురంలోనూ వసతి గృహాలు పెట్టారు. మంచి పనే, ప్రాణాలు నిలిచే పని. కానీ అన్వయం చూడండి: రోడ్డు మనిషి దగ్గరికి ఎక్కాలి, ఇక్కడ నిండు చూలాలు రోడ్డు దగ్గరికి దిగుతోంది. దిగేలోపు నొప్పులు వస్తే డోలీ. ఒక వెదురు బొంగు, ఒక దుప్పటి, మోసేవాళ్ల భుజాలు. అదే వాలు, అదే జారుడు, అవే రాళ్లు. ఇక్కడ పాతిన కర్రలు లేవు, మధ్యలో ఆగితే లాగడానికి తాడు పట్టుకొచ్చే ప్రత్యర్థీ లేడు. కర్ర తగిలితే పాయింట్లు ఎలా తీయాలో ట్రయల్ నిబంధనల్లో విపులంగా రాశారు. డోలీ మోసేవాడి కాలు జారితే ఎవరి పాయింట్లు తీయాలో ఆ గ్రంథంలో లేదు.