చెవిలో హోరు పోవాలంటే వీపు చూపించండి

చెవిలో రాత్రింబవళ్లు కీచురాళ్లు అరుస్తున్నాయా? పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరుగుతోందా? ఈఎన్‌టీ డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చునే ఓపిక లేనివారి కోసం ఈ చిట్కాలు. వీపు మీద కప్పులు బోర్లించి చర్మాన్ని పీల్చే కప్పింగ్ సెంటర్‌కు బయల్దేరే ముందు తప్పక చదవండి.

1. కారణం వెతక్కండి. హోరుకు గులిమి గట్టిపడటం కారణం కావచ్చు. ఏళ్ల తరబడి మిల్లు మోతలో పనిచేయడం కావచ్చు. జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లో, మోతాదు మించిన ఆస్పిరినో కావచ్చు. కళ్లు తిరగడానికి రక్తహీనత, మైగ్రేన్, బీపీ మాత్ర ఎక్కువ కావడం... జాబితా చాలా పొడుగు. కప్పుకు ఈ గొడవలేవీ పట్టవు. రోగం ఏదైనా అదే కప్పు, అదే వీపు.

2. పాతదైతే పనిచేసినట్టే అనుకోండి. కొమ్ముతో, సొరబుర్రతో, జలగలతో రక్తం తీయడం గురించి సుశ్రుతుడు చెప్పాడు. యునానీలో హిజామా పేరుతో ఇదే కప్పింగ్ ఉంది. అయినా ఎవరైనా గొణిగితే 2016 రియో ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీది గుండ్రటి మచ్చల ఫొటో చూపించండి. ఆయన ఈతగాడని, ఆయన బాధ కండరాల నొప్పే తప్ప చెవి హోరు కాదని మాత్రం నోరు జారకండి.

3. మచ్చ ఎంత నల్లబడితే అంత గుణం వచ్చినట్టు లెక్కేసుకోండి. కప్పులో గాలి పలచబడితే చర్మం పైకి ఉబ్బుతుంది, కింది సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి, కమిలిన మచ్చ తేలుతుంది. దాన్ని ‘చెడు రక్తం’ అనండి. లోపలి చెవి పుర్రెలోని చాలా గట్టి ఎముక మధ్య భద్రంగా ఉంటుంది. వీపు మీది పీల్పు అక్కడిదాకా ఎలా వెళ్తుందని అడిగేవాళ్లతో స్నేహం మానేయండి.

4. చవకైన వైద్యం జోలికి పోకండి. తల తిప్పినప్పుడల్లా కొన్ని క్షణాలు లోకం తిరుగుతోందంటే, చాలాసార్లు లోపలి చెవిలోని కాల్షియం కార్బనేట్ రేణువులు అర్ధవృత్తాకార నాళాల్లోకి జారాయని అర్థం. దీన్ని పట్టుకునే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష 1952 నాటిది. రేణువులను మళ్లీ వాటి చోటికి చేర్చడానికి ఎప్లీ పద్ధతి ఉంది. డాక్టరు మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి తలను ఒక వరసలో తిప్పుతారు. కోత లేదు, మాత్ర లేదు, కొద్ది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లతో తగ్గిపోతుంది. ఇంత తేలిగ్గా తగ్గితే మీరు డబ్బు కట్టిన పది సిట్టింగుల ప్యాకేజీ ఏమైపోవాలి?

5. తగ్గితే కప్పు గొప్ప, తగ్గకపోతే మీ పథ్యం లోపం. రేణువుల బాధ కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకోవచ్చు. లోపలి చెవికి వచ్చే మెనియర్ వ్యాధి కొన్నాళ్లు ఆడించి కొన్నాళ్లు వదిలేస్తుంది. మనం సెంటర్‌కు పరిగెత్తేది బాధ బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత కాస్త తగ్గడం కప్పు లేకపోయినా జరిగేదే. ఈ లెక్క ఎవరికీ చెప్పకండి.

6. చర్మం మీద గాట్లు పెట్టి కప్పుతో రక్తం తీసే రకమైతే, బ్లేడు గురించి అడగడం మర్యాద కాదు. అది కొత్తదా, ఇంతకుముందు ఇంకెవరి వీపో గీసిందా అని ఆరా తీస్తే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అంటూ భయాలు మొదలవుతాయి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి దాచండి. ఒంట్లో రక్తం చాలకే కళ్లు తిరుగుతుంటే, ఉన్నదాంట్లో మరికాస్త ధారపోసి రండి.

7. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే పదో సిట్టింగ్ దాకా ఓపిక పట్టండి. ఇలాంటి చెవుడుకు స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు. ఆ గడువు దాటించడంలో కప్పింగ్‌ను మించింది లేదు.

ఇక వెటకారం చాలు. మెడ పట్టేసినప్పుడు కప్పు హాయిగా ఉంటే, బ్లేడు లేకుండా పెట్టించుకోవడం మీ ఇష్టం. అది డాక్టరు వైద్యానికి తోడుగా ఉండొచ్చు, దాని బదులు మాత్రం కాదు. హోరు మొదలైతే ముందు చెవి చూపించుకుని, వినికిడి పరీక్ష చేయించుకోండి. హోరును పూర్తిగా మాయం చేసే మాత్ర ఇంకా రాలేదు కానీ, వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం, మనసు నలిగిపోతున్నవారికి సీబీటీ అనే మానసిక చికిత్స బాగా ఊరటనిస్తాయి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె లయతో కొట్టుకుంటున్నా ఆలస్యం చేయకండి. తల తిరగడంతో పాటు మాట ముద్దగా వస్తున్నా, మూతి వంకర పోయినా, ఎదుటివి రెండుగా కనిపించినా, నిలబడలేకపోతున్నా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.