తుండుగుడ్డ వేసిన సర్వర్లు

సర్వర్లు చాలడం లేదు, ఇంకో రెండు ర్యాకులు కొనండని టీమ్ లీడరు గారు మళ్లీ మెయిల్ పెట్టారు. చాలవు మరి! ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు ఆపుకునే జాతి మనది. డేటా సెంటర్‌లో అడుగుపెట్టగానే ఆ విద్య మరిచిపోతామా? ఒక కోరు చాలే ప్రోగ్రాముకు పదహారు కోర్లు రాసుకుంటాం. ఎందుకయ్యా అంటే, "పండగ సేలు రోజు రద్దీ పెరిగితే?" అంటారు. పండగ ఏడాదికోసారి వస్తుంది. గుడ్డ మాత్రం ఏడాది పొడుగునా సీటు మీదే ఉంటుంది.

మన ఒక్కరి జబ్బే అని సిగ్గుపడక్కర్లేదు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ట్విట్టర్ వారి క్లస్టరు ఒకదాని లెక్క బయటపెట్టారు. సీపీయూల్లో 80 శాతం దాకా రిజర్వు అయిపోయింది, నిజంగా వాడుతున్నది 20 శాతం లోపే. పని లేదు కదాని మిగతావి పస్తుంటాయా? చేతులు ముడుచుకుని కూర్చున్న సర్వరు కూడా నిండుగా పనిచేసేటప్పటి కరెంటులో దాదాపు సగం లాగేస్తుందని గూగుల్ ఇంజినీర్లు బరోసో, హోల్జ్‌లె 2007లోనే మొత్తుకున్నారు.

మందు లేదా అంటే, ఉంది. ఏ పని ఏ యంత్రం మీద నడవాలో తేల్చే షెడ్యూలరు, గూగుల్ వారి బోర్గ్, చేసేది అదే. వెంటనే జవాబివ్వాల్సిన సేవల్నీ, తెల్లారేసరికి ముగిసినా చాలనుకునే లెక్కల పనుల్నీ ఒకే యంత్రం మీదికి ఎక్కిస్తుంది. మొదటి రకం పెద్దవారు అడిగి వాడనిది రెండో రకం చిన్నవారికి ఇస్తుంది, పెద్దవారికి అవసరం పడగానే చిన్నవారిని మెడపట్టి గెంటుతుంది. ఈ రెండు రకాలనూ విడదీస్తే మధ్యస్థమైన క్లస్టరుకు 20 నుంచి 30 శాతం ఎక్కువ యంత్రాలు కావాలని 2015లో వాళ్లే లెక్కగట్టారు. అట్టడుగు ప్రయారిటీలో ఎవరికైనా అక్కడ కోటా అనంతం. చోటు దొరకడం మాత్రం గగనం! పై తరగతి కోటా కావాలంటే ఎక్కువ ఖరీదు చెల్లించాలి.

మన దగ్గర చిక్కల్లా ఒకటే. చిన్నపని అనేది ఇక్కడ పుట్టనే లేదు. ఎవరూ తెరవని రాత్రి రిపోర్టు కూడా ప్రొడక్షనే. మన షెడ్యూలరు కుబర్నెటిస్ గ్యారంటీడ్, బర్స్టబుల్, బెస్ట్ ఎఫర్ట్ అని మూడు తరగతులు పెట్టింది. మెమరీ కరువొస్తే సాధారణంగా ముందు తల తెగేది బెస్ట్ ఎఫర్ట్ వాడిదే. తన ప్రోగ్రామును ఆ బెంచీలో కూర్చోబెడితే తన ప్రమోషనూ బెస్ట్ ఎఫర్ట్‌గానే మిగిలిపోతుందని ప్రతి మేనేజరుకూ దిగులు. అందుకే ఒకరు ప్రయారిటీ వెయ్యి అని రాస్తే పక్కవారు రెండువేలంటారు. శుక్రవారానికల్లా అందరూ వీఐపీలే! షెడ్యూలరు ఎవరిని గెంటాలో తోచక బిక్కమొహం వేస్తుంది. అంతటితో "ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదు" అని తీర్మానం.

ఎవరు ఆపుకున్నదానికి బిల్లు వారికే పంపుదామని ఫైనాన్సు వాళ్లు ఒకసారి నోరు జారారు. యాజమాన్యం వెంటనే కమిటీ వేసింది. వాడకం కొలవడానికి కమిటీ వారు ఒక డాష్‌బోర్డు కట్టించి, దానికి ముప్ఫైరెండు కోర్లు రిజర్వు చేయించారు. ప్రొడక్షన్ తరగతిలోనే.