మెలిక సందుల పద్యానికి టీకా తాత్పర్యం

తేటగీతి
పాత బుల్లెట్టు నుంతునా బాగు చేసి?
కొత్త దొక్కటి తెత్తునా కుదువబెట్టి?
మెలిక సందులఁ దిరుగఁగా మేలదేది?
తెలుపుమో మేస్త్రి! టీ త్రాగి తేల్చి నిజము.

అవతారిక: పాత పోర్షా కారా, కొత్త పోర్షా కారా అన్న సందేహం పెద్ద బంగళాలవారిది. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో, అంటే మన చాకలిపేటలో, అదే సందేహానికి రెండు చక్రాలు చాలు. నాన్న నడిపిన బండికీ షోరూములో మెరిసే బండికీ మధ్య చిక్కుకున్న ఒక గృహస్థు మెకానిక్కును అడుగుతున్నాడు.

ప్రతిపదార్థం: పాత బుల్లెట్టు = క్యాస్ట్ ఐరన్ ఇంజనుతో 346 సీసీల, 18 గుర్రాల బండి; బాగు చేసి = ప్రతి ఆదివారమూ అని భావం; కొత్తది = 349 సీసీలు, 20 గుర్రాలు, మీట నొక్కితే లేచేది; కుదువబెట్టి = దేనినో కవి చెప్పలేదు, గాజులని ఊహ్యం. ఇక్కడ ‘కుదుటపడి’ అని భార్యల పక్షంవారి పాఠాంతరం ఉంది. గణభంగం కనుక త్యాజ్యం.

విశేషం: పాత బండిని లేపడం ఒక క్రతువు. తాళం తిప్పి, డీకంప్రెసర్ మీట పట్టుకుని, అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కర్‌ను మెల్లగా దించాలి. మీట వదలాలి, కిక్కర్‌ను పైకి రానివ్వాలి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను. ముల్లు దగ్గర తొందరపడితే కిక్కర్ ఎదురు తన్నుతుంది, మోకాలు వారం రోజులు మాట్లాడుతుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అలవాటు లేనివాడు ఆపబోయి గేరు మారుస్తాడు. దీపావళి ముందు ఎం.సి. రోడ్డులో, చీరల మూటల మధ్య ఇంజను ఆగితే ఈ క్రతువంతా వెనకాల ఆటోల హారన్ల మంగళవాద్యంతో జరగాలి.

అయినా పాతదానికి స్థానబలం ఉంది. 1955లో బుల్లెట్టు కంపెనీ ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది మద్రాసులోనే. మొదట ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి భాగాలు తెచ్చి కూర్చారు, తరువాత తిరువొత్తియూరులోనే తయారుచేశారు. అంటే అది పొరుగూరి బిడ్డ. అదే కంపెనీ ఒరగడం కార్ఖానా మాత్రం 2013లోనే వచ్చింది. కొత్తదానికి చక్రాలు జారకుండా ఏబీఎస్ ఉంది, పెట్రోలును కొలిచి పోసే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. కొత్తవాటిలో 2021 నాటి క్లాసిక్ మోడల్ బరువు 195 కిలోలు. సందులో వెనక్కి తిప్పేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది.

టీ త్రాగి: ఇది వ్యర్థపదం కాదు. పాత బండే మేస్త్రికి అన్నం పెడుతుంది. కాబట్టి టీకి ముందు ‘పాతదే’ అంటాడు, టీ తర్వాత కూడా ‘పాతదే’ అంటాడు. విడిభాగాలకు పుదుపేట ఉందిగా అంటాడు. సాక్షికి లాభం ఉన్నచోట సాక్ష్యం చెల్లదు.

తాత్పర్యం: ఇంటికీ కొట్టుకీ రోజూ తిరిగేవాడికి కొత్తదే మేలు. నాన్న బండిని అమ్మకూడదు. గాజుల జోలికి పోకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరకపోతే, వాషర్‌మెన్‌పేట్ నుంచి తిరువొత్తియూరు మీదుగా విమ్కో నగర్ దాకా 2021 ఫిబ్రవరి నుంచి మెట్రో నడుస్తోంది.