గడువుల గండరగండా, జయీభవ!

స్వస్తిశ్రీ జయాభ్యుదయ క్రీస్తుశకం 2021 ఆగస్టు 29 ఆదివారంనాడు లోకానికి 'డోండా' అనే ఆల్బం ప్రసాదించిన ప్రభువు, అట్లాంటాలో అవతరించి చికాగోలో పెరిగి 'ది కాలేజ్ డ్రాపవుట్' అనే తొలి కృతితో 2004లోనే ర్యాప్ సామ్రాజ్యపు కోటతలుపులు తన్ని తెరిచిన మహావీరుడు, తరవాతి కాలంలో రెండక్షరాల పేరు సైతం తన నిరాడంబరత్వానికి బరువని తలచి కోర్టు ద్వారా 'యే' అని ఏకాక్షరికి కుదించుకున్న వినయభూషణుడు అయిన కాన్యే వెస్ట్ దొరవారి దివ్యసముఖానికి ఈ భట్టు చేసుకునే విన్నపం. తమ గుణగణాలు వర్ణించాలంటే ఆదిశేషుడి వెయ్యి నాలుకలూ చాలవు. మాకున్నది ఒకటే నాలుక కనుక ఒకే ఆల్బంతో సరిపెట్టుకుంటాము.

ముందుగా తమ సత్యసంధత. హరిశ్చంద్రుడు ఇచ్చిన మాట ఒక్కటే. దాన్నే పట్టుకుని కాటిదాకా వేలాడిన పేదవాడు. తమరో, ఒకే ఆల్బం మీద ఎన్ని మాటలైనా ఇవ్వగల సంపన్నులు. 2020 జులై 24న విడుదల అన్నారు. ఆ శుక్రవారం వచ్చింది, వెళ్లింది. ఏడాది తిరిగాక 2021 జులై 23 అన్నారు. అదీ ఖాళీ చేతులతోనే సాగిపోయింది. ఆగస్టు 6 అన్నారు. కాలపురుషుడు తమ గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడి వెనుదిరిగాడు. మన పల్లెల్లో ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి దయ్యాన్ని గడపలోంచే తిప్పి పంపేవారు. ఆ విద్యను దయ్యాల మీద వృథా చేయక, ప్రేమతో టిక్కెట్టు కొని వచ్చిన అభిమానుల మీద ప్రయోగించిన దయార్ద్రహృదయులు తమరు. గడువు అనే మాట విని గుండె జారే గాయకులు, తేదీ ఇచ్చాం కదా అని రాత్రింబవళ్లు గొంతు చించుకునే అల్పజీవులు, తమ పాదధూళి తలదాల్చి బాగుపడాలి.

ఈ నిష్ఠ నిన్నమొన్నటిదీ కాదు. 2016లో 'ది లైఫ్ ఆఫ్ పాబ్లో' ఆల్బం స్ట్రీమింగ్ సేవ టైడల్‌లో తప్ప భూమ్మీద మరెక్కడా దొరకదని ప్రతిన పట్టి, రెండు నెలలు తిరక్కముందే అన్ని అంగళ్లలోనూ దొరికేలా కరుణించి, విడుదలైన పాటలను విడుదలయ్యాక మళ్లీ దిద్దుతూ, కొన్నది ఏ పాటో కొన్నవాడికే తెలియని అద్వైతస్థితిని ప్రజలకు చవి చూపించారు. ఆ ఆనందం పట్టలేక ఒక అభిమాని ఏకంగా కోర్టు మెట్లెక్కాడు.

ఇక సాధన. ఊరికే కృతి చెప్పమంటే ఎలా, అలజడి లేని చోటు కావాలి, తాంబూలం కావాలి, ఊయలమంచం కావాలి అని అల్లసాని పెద్దనవంటివాడు అడిగాడంటే ఆ కాలపు కవుల బలహీనత అనుకోవాలి. తమరు అలాంటి సుఖాలకు ఆశపడలేదు. డెబ్భై వేలమంది పట్టే మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిని తపోవనం చేసుకున్నారు. కిటికీ లేని గది, గోడవారగా అరలు, ఒక ఇరుకు పడక, వేలాడుతున్న నాలుగు బట్టలు. ఫొటో చూస్తే సన్యాసి కుటీరమే. కాకపోతే ఆ కుటీరంలో కెమెరా ఉంది. కెమెరా అవతల యాపిల్ మ్యూజిక్ ఉంది. దాని అవతల ఆల్బం ఎప్పుడు పూర్తవుతుందా అని కళ్లు కాయలు కాచిన జగత్తు ఉంది. తమరు నిద్రపోతుంటే చూశాం. పుషప్‌లు తీస్తుంటే చూశాం. వచ్చేవారు వస్తుంటే, పోయేవారు పోతుంటే చూశాం. మునులు తపస్సు గుహలో చేసి వరాన్ని లోకానికి చూపించేవారు. తపస్సునే లోకానికి చూపించి వరాన్ని గుహలో దాచే మార్గం తమతోనే మొదలు.

విడుదలకు ముందు పాటలు వినిపించిన వినికిడి సభల వైభవం వేరే చెప్పాలా! జులై 22 రాత్రి, తెల్లటి నేల నడుమ ఎర్రటి దుస్తుల్లో, ముఖం మొత్తం కప్పే ముసుగులో, తమ పాటలు తామే వింటూ పచార్లు చేశారు. మైకు పట్టలేదు. పాడేవాడు పాడాలి, జనం వినాలి అనే మూఢాచారాన్ని అంత సుకుమారంగా తుంచినవారు మరొకరు లేరు. మధ్యాహ్నం నాలుగు గంటలకు సాటి ర్యాపర్ జే-జీ పాడిన చరణం ఆ రాత్రే స్టేడియంలో మోగిందంటే, ఏడాదిపాటు సాగిన సాధన ఎంత నింపాదిగా, ఎంత ముందుచూపుతో జరిగిందో గ్రహించవచ్చు. ఆగస్టు 5న రెండో సభ. ఈసారి తీగల ఆధారంతో బొందితోనే స్వర్గారోహణ చేసి కప్పుదాకా లేచారు. ఆ సభను యాభై లక్షలమందికి పైగా తెరల మీద దర్శించారని లెక్క తేలింది. తమరు దిగివచ్చారు, ఆల్బం మాత్రం రాలేదు. పైన ఎక్కడో మరింత భద్రమైన చోట ఉంచి వచ్చారని భక్తులు సమాధానపడ్డారు.

తమ మాతృభక్తి దగ్గరికి వచ్చేసరికి కలం వణుకుతుంది. ఆల్బానికి పేరైన తల్లి డోండా వెస్ట్ గారు చికాగో స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ఆచార్యులు, ఆ విభాగానికి అధ్యక్షులు. ఒంటరిగా కొడుకును పెంచి, వాడి మాటను నమ్మిన తల్లి. 2007 నవంబరులో కన్నుమూశారు. శ్రవణకుమారుడు తల్లిదండ్రులను కావడిలో మోశాడు. తమరు ఆగస్టు 26న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్ స్టేడియం నడుమ ఆ తల్లి ఇంటినే మళ్లీ కట్టి నిలబెట్టారు. కట్టి ఊరుకున్నారా? ఆ ఇంటి అరుగు మీదికి అతిథులను పిలిచారు. ఒకరు రాక్ గాయకుడు మార్లిన్ మాన్సన్. ఆ ఏడాదే పలువురు స్త్రీలు ముందుకొచ్చి మమ్మల్ని హింసించాడని బాహాటంగా చెప్పినవాడు, అవన్నీ అబద్ధాలన్నవాడు. మరొకరు ర్యాపర్ డాబేబీ. నెల కిందటే మయామీ వేదిక మీద స్వలింగసంపర్కులనూ హెచ్ఐవీ రోగులనూ హేళన చేసి, వరసగా సంగీతోత్సవాలు తలుపులు మూస్తుంటే నిలవ నీడ లేనివాడు. లోకమంతా వద్దన్నవారికి అమ్మ వాకిట పీట వేసిన ఆ విశాలహృదయం ముందు కర్ణుడు చిన్నబోడా! ఇంటికి ఎవరిని పిలవాలో తల్లిని అడిగే అవకాశం లేని బిడ్డ ఇంతకంటే జాగ్రత్తగా అతిథులను ఏరగలడా! జే-జీ చరణం ఉన్నచోట ఆ రాత్రి డాబేబీ చరణం వినిపించడం కూడా అతిథిమర్యాదే. ఆ పైన ఇంట్లో తమ ఒంటికి నిప్పంటించుకున్నారు. తమ నుంచి విడాకులకు కోర్టుకెక్కిన కిమ్ కర్దాషియన్ గారు పెళ్లికూతురి గౌనులో ఎదురొచ్చారు. వియోగం, అగ్నిప్రవేశం, పునస్సంధానం అన్నీ ఒక్క రాత్రిలో, ఆల్బం పేరిట సరుకులమ్మే దుకాణంతో సహా. వాల్మీకికి ఆరు కాండలు పట్టింది.

తమ భక్తి ఎంత నిర్మలమంటే, ఆల్బం మొత్తంలో ఒక్క బూతు మాట వినిపించదు. నోటికొచ్చిన చోటల్లా చెరిపేశారు. వాకిట్లో నిలబడినవారిని చెరపలేదు కానీ నోరు మాత్రం కడిగి ముత్యంలా ఉంది.

కృతి పరిమాణం చూడండి. 27 పాటలు, గంటా నలభై ఎనిమిది నిమిషాలు. తల్లి ఇంగ్లీషు పాఠాలు చెప్పినావిడ, విద్యార్థుల కాగితాల్లో అక్కరలేనిదాని మీద ఎర్రగీత పెట్టే వృత్తిలో జీవితం గడిపినావిడ. ఆమెకు నివాళి అంటే గీత పడని కాగితమే కదా! ఆరంభంలో నిమిషానికి కాస్త తక్కువగా ఆమె పేరే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. నామజపం ముగిశాక, ఆ పేరుకూ తరవాత వచ్చే పాటలకూ సంబంధం వెతుక్కునే పుణ్యకార్యం శ్రోతకే వదిలేశారు. చివర నాలుగు పాటలు ముందు విన్నవాటికే రెండో రూపాలు. 'జైల్' రెండు, 'ఓకే ఓకే' రెండు, 'జున్యా' రెండు, 'జీసస్ లార్డ్' రెండు. ఏది బాగుందో తేల్చుకోలేని మందమతులు ఒకటి ఉంచి ఒకటి తీసేస్తారు. తేల్చుకోవడమనే దైన్యానికి దిగని రాజసం తమది. పైగా అతిథుల పేర్లు పాటల శీర్షికల్లో ఎక్కడా లేవు. పదుల మంది గొంతులిచ్చి, పదుల మంది బాణీలు కట్టిన నిర్మాణం మీద ఒక్క పేరే వెలుగుతుండటం, అట్ట మీద బొమ్మా అక్షరమూ లేకుండా నల్లగా ఉండటం, ఇవన్నీ అహంకారం ఎరుగని మనసుకు గుర్తులు.

ఇంతటి పరిపూర్ణతలోనూ కొన్ని లోపాలు దొర్లాయని బాధతో మనవి చేయక తప్పదు. 'హరికేన్'లో వీకెండ్ గొంతు పైకి లేచే చోట శ్రోత ఒళ్లు అప్రయత్నంగా జలదరిస్తుంది. 'ఆఫ్ ద గ్రిడ్'లో ఫివియో ఫారిన్ అనే కుర్రవాడు తన వంతు వచ్చినప్పుడు ప్రాణం పెట్టి పాడేశాడు. పెద్దల సభలో అది మర్యాద కాదు. 'మూన్'లో డాన్ టాలివర్, కిడ్ కడీల స్వరాలు ఎక్కడికో తీసుకుపోతాయి. 'కమ్ టు లైఫ్'లో పియానో విచ్చుకున్నాక, ఈ మనిషి నిజంగానే దుఃఖంలో ఉన్నాడన్న అనుమానం పుడుతుంది. 'డోండా' అన్న పాటలో ఆ తల్లి సొంత గొంతు, సభలో నిలబడి తొణక్కుండా మాట్లాడిన ఆ గొంతు, వినిపించేసరికి మిగిలిన ఆడంబరమంతా ఎందుకో గుర్తుకు రాదు. ఇలాంటి పొరపాట్లు ఒక్కచోట పేరిస్తే నలభై నిమిషాల గొప్ప ఆల్బం అయిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం పసిగట్టి, వాటిని ఒకదానికొకటి అందకుండా, మధ్యమధ్య దట్టమైన అడవి పెంచి, వెతికేవాడు దారి తప్పేలా కాపాడిన తమ దూరదృష్టికి జోహారు.

విడుదల ఘట్టంలో తమ నిష్కామకర్మ పరాకాష్ఠనందుకుంది. ఎట్టకేలకు ఆల్బం బయటికి వచ్చిన రోజునే, రికార్డు సంస్థ యూనివర్సల్ తమ అనుమతి లేకుండా దాన్ని విడుదల చేసిందని తమరే సెలవిచ్చారు. ఇన్ని తేదీలు ప్రకటించి, మూడు స్టేడియం సభలు నడిపి, చివరికి వచ్చింది తమ ప్రమేయం లేకుండానే అంటే, కర్మ చేసి ఫలాన్ని ఇతరులకు వదిలేయడంలో గీతాచార్యుడు సైతం మెచ్చుకునే శిష్యులు. ఫలం మాత్రం వదలకుండా వచ్చింది: మొదటివారం 3,09,000 యూనిట్లు, బిల్‌బోర్డ్ పట్టికలో పదోసారి మొదటి స్థానం. అయిదురోజుల తరవాత మరో ర్యాపర్ డ్రేక్ విడుదల చేసిన ఆల్బం అందుకు దాదాపు రెట్టింపు లాగింది; ఆ ఆల్బం చివరగా చెప్పిన రోజునే వచ్చిందట, పాపం.

విమర్శకుల్లో కొందరు పొగిడారు, కొందరు నీళ్లు నమిలారు. లండన్‌లోని 'ది ఇండిపెండెంట్' ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు; అరుగు మీది అతిథిని చూసి అంత ముచ్చటపడినవారు వేరొకరు కనపడరు. 2022 గ్రామీ పెద్దలు 'జైల్', 'హరికేన్' పాటలకు చెరొక బహుమతి ఇచ్చారు. ఇక ఆ అభిమానిజనం, ఆహా! మూడు సభల్లో మూడు రకాలుగా విన్న పాటను నాలుగో రకంగా అందుకుని, దీనికంటే మొదటిదే బాగుందని గొణుక్కుంటూ, మళ్లీ మొదటినుంచి వింటూ, ఇందులో ఏదో ఉంది మనకే అర్థం కాలేదని తమను తాము మందలించుకున్న ఆ ఓర్పు వర్ణనాతీతం. భూదేవికి పోటీ వచ్చిందన్నా తప్పులేదు.

ఆ ఓర్పుకు తగిన పారితోషికం కూడా ముట్టింది. 2022 ఫిబ్రవరిలో 'డోండా 2' వచ్చింది. రెండువందల డాలర్లు పెట్టి 'స్టెమ్ ప్లేయర్' అనే తమ యంత్రం కొన్నవారికే, అదీ ముక్కలుముక్కలుగా. బిల్‌బోర్డ్ దాన్ని పట్టికలోకి తీసుకోలేదు. తల్లి పేరును రెండో అంకె తగిలించి కొనసాగించిన కొడుకు చరిత్రలో మరొకరు ఉన్నారేమో పండితులు చెప్పాలి.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. 'డోండా' వినడానికి కూర్చునేముందు 'హే మామా' మాత్రం పొరపాటున కూడా వినకండి. 2005లో వచ్చిన 'లేట్ రిజిస్ట్రేషన్' ఆల్బంలో ఉంది. ఆ తల్లి బతికుండగా, ఆమె వినేటట్టు, ఇదే కొడుకు రాసి పాడిన పాట. అయిదు నిమిషాలే పడుతుంది. అది విన్నవారికి ఈ కైవారంలో ఒక్క ముక్క కూడా చెవికెక్కదు.