అరగంటలో స్నో ప్లౌ: తొందరున్నవారికి సలహాలు

అమెరికాలో ఊరి చివర ఐదెకరాల స్థలంలో ఇల్లు కొన్న తెలుగువాడు మొదటి ఏడాది పార కొంటాడు, రెండో ఏడాది స్నో బ్లోయర్, మూడో ఏడాది ట్రాక్టర్. మీరు మూడో ఏడాదిలో ఉన్నారనుకుని రాస్తున్నాను. పాతిక ముప్ఫై హార్స్‌పవర్ కాంపాక్ట్ ట్రాక్టర్, దాని ముందు లోడరు ఉన్నాయి. ఎవరో పికప్ ట్రక్కుకి వాడి వదిలించుకున్న ఏడడుగుల ప్లౌ కూడా చవగ్గా దొరికింది. ఇక బిగించడమే తరువాయి. బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్కులో 2022 నవంబరులో నాలుగు రోజుల్లో ఆరడుగుల పైన మంచు పడింది. వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది కూడా. చెబితే చెప్పింది, హెచ్చరికలు ఎప్పుడూ పక్కవాళ్ళ కోసమే. మీరు మాత్రం మంచు మోకాళ్ళ దాకా వచ్చాక, రాత్రి తొమ్మిదింటికి, బావమరిది ఫోను టార్చి పట్టుకుంటే పని మొదలుపెట్టండి. అక్టోబరు ఎండలో తీరిగ్గా బిగించుకునే వాళ్ళు వేరే పని లేనివాళ్ళు.

మాన్యువల్ సీటు వెనక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. అక్కడే ఉండనివ్వండి. నాన్నగారి ట్రాక్టర్ మీద దమ్ము చేసిన చేతులు మీవి. పైగా మహీంద్రా వారి ఓజా కాంపాక్ట్ ట్రాక్టర్లు తయారయ్యేది జహీరాబాదులోనే. 2023లో వచ్చాయి, అమెరికాలోనూ అమ్ముతున్నారు. మీది ఆ బండే అయితే ఇక అడిగేవాడెవడు, మన ఊరి బండికి మాన్యువల్ ఏమిటి?

ఊళ్ళో ట్రాక్టర్ వెనక తొట్టి లేపే జాకీ గుర్తుందిగా. దానికి ఒకటే పైపు. ఆయిల్ తోస్తే తొట్టి లేస్తుంది, వదిలేస్తే తన బరువుకి తనే దిగుతుంది. ఆ లెక్కన ప్లౌకి కూడా ఒక పైపు చాలు. బ్లేడు చక్కగా ఎడమకి తిరుగుతుంది. కుడికి తిరగాలంటే దాన్ని అటు లాగే బరువేమీ ఉండదు కాబట్టి చలికాలమంతా ఎడమకే ఉండిపోతుంది. మీ మంచంతా ఎడమ పక్కింటాయన గరాజు ముందు పోగవుతుంది. ఎలాగూ ఆయన పలకరించడం లేదు. చాదస్తులు మాత్రం ప్లౌకి ఉన్న రెండు హైడ్రాలిక్ సిలిండర్లకి, అదే రామ్‌లకి రెండు హోసులు లాగి, ఒకే వాల్వు తాలూకు రెండు పోర్టులకీ కలుపుతారు. ఒక రామ్ తోస్తుంటే రెండోదానిలోని ఆయిల్ వెనక్కి ట్యాంకుకి పోతుంది. అంతకుమించి అందులో విద్యేమీ లేదు.

ఆ ఆయిల్ ఎక్కణ్ణుంచి తేవాలి? లోడరు జాయ్‌స్టిక్ చేసేవి రెండే పనులు. ముందుకీ వెనక్కీ నెడితే లోడరు చేతులు దిగుతాయి, లేస్తాయి. పక్కలకి నెడితే బకెట్ ముడుచుకుంటుంది, ఒంపుతుంది. బ్లేడు తిప్పడం మూడో పని. దానికి బజారులో డైవర్టర్ దొరుకుతుంది, బటన్ నొక్కి పట్టుకుంటే బకెట్‌కి పోయే ఆయిల్ ప్లౌకి మళ్ళుతుంది. ఇంకాస్త పెడితే థర్డ్ ఫంక్షన్ వాల్వు వస్తుంది, ప్లౌకి సొంత దారి ఉంటుంది కనుక బ్లేడు తిప్పుతూనే లోడరూ ఎత్తుకోవచ్చు. ఇవేవీ వద్దంటే వెనక రిమోట్లనే హైడ్రాలిక్ పోర్టుల నుంచి ట్రాక్టర్ పొడుగునా హోసులు లాక్కోవచ్చు. అన్నిటికీ డబ్బో ఓపికో కావాలి. మీ దగ్గర ఆ రెండూ లేవు కాబట్టి బకెట్ సిలిండర్ల హోసులు పీకి ప్లౌకి తగిలించేయండి. నిజానికిది మరీ అడ్డగోలు పనేం కాదు. బ్లేడు నిటారుగా నిలబెట్టి, పీకిన కప్లర్లకి మూతలు పెట్టి, ఒద్దికగా చేసుకునేవాళ్ళున్నారు. మీరు మాత్రం ముందు హోసులు మార్చి, ఆ తర్వాత బ్లేడు ముక్కు నేలకి గుచ్చుకుందేమో చూడండి. గుచ్చుకునే ఉంటుంది. దాన్ని సరిచేసే పని జాయ్‌స్టిక్‌లో ఇప్పుడు లేదు. అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. బావమరిది ఫోన్లో చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

థర్డ్ ఫంక్షన్ వాల్వు కొన్నారనుకోండి, దానికి మూడు పైపులు బిగించాలని రాసి ఉంటుంది: ఆయిల్ వచ్చేది ఒకటి, మిగతా వాల్వులకీ వెనక లిఫ్టుకీ ముందుకి పోయేది ఒకటి, ట్యాంకుకి తిరిగి వెళ్ళేది ఒకటి. మూడోది మీకు అనవసరమనిపిస్తుంది. ఆ పోర్టుకి ప్లగ్గు కొట్టేయండి, ఒక హోసు ఖర్చు కలిసొస్తుంది. రామ్ వదిలిన ఆయిల్‌కి పోయే దారి లేక వాల్వు దిమ్మ పగిలితే డీలర్ దగ్గర వారంటీ అడగండి. ఆయన నవ్వు ఆపుకోవడం చూడొచ్చు.

అడాప్టర్ల దగ్గర నిజమైన మజా. కుబోటా వంటి జపాన్ బళ్ళ వాల్వుల్లో తరచుగా బీఎస్‌పీపీ మరలుంటాయి. అమెరికా హార్డ్‌వేర్ దుకాణంలో చేతికందేది ఎన్‌పీటీ. అర అంగుళం సైజులో రెంటికీ అంగుళానికి 14 చుట్లే. కాబట్టి ఒకదాన్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత బిగుస్తుంది. అలా బిగుసుకోవడాన్నే మీరు సీలు అనుకోవాలి. ఒక మర కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60 అనీ, ఒకటి సమంగా ఉంటే ఇంకోటి కొసకి సన్నబడుతుందనీ ఎవరైనా అంటే మీకు టెఫ్లాన్ టేపు ఉంది. బాత్రూం కుళాయికి చుట్టినట్టు దట్టంగా చుట్టండి. తెగిన టేపు పీలికలు ఆయిల్‌తో పాటు ప్రయాణం చేసి వాల్వు లోపల జరిగే స్పూల్ పక్కన, వెంట్రుకంత సందులో, స్థిరపడతాయి. ఆ తర్వాత బ్లేడు తనకి తోచినప్పుడు తిరుగుతుంది. జేఐసీ ఫిట్టింగు ఇనుముకి ఇనుము ఆని సీలవుతుంది, బీఎస్‌పీపీ పోర్టుకి వాషరో ఓ రింగో ఉంటుంది, వీటి దగ్గరకి టేపే రాకూడదని చదివి ఉంటే మరిచిపోండి.

హోసు కప్లరు దూరడం లేదా? హోసులో ఆయిల్ ఒత్తిడి చిక్కుకుని ఉంటుంది. ఇంజన్ ఆపి, జాయ్‌స్టిక్ నాలుగు వైపులా కదిపితే ట్రాక్టర్ వైపు ఒత్తిడి చాలావరకు దిగిపోతుంది, కప్లరు టక్కున కూర్చుంటుంది. ఇంత తేలిగ్గా అయిపోతే కథేముంది? సుత్తి తీసుకోండి. ట్రాక్టర్ వైపుది వ్యవసాయపు రకం కప్లరు, ప్లౌ వైపుది చదును ముఖం రకం అయినప్పుడు కూడా ఇదే సుత్తి పనికొస్తుంది. అవి జన్మలో ఒకదానిలో ఒకటి దూరవు గానీ ప్రయత్నించామన్న తృప్తి మిగులుతుంది.

పాత ప్లౌ రామ్‌లలో పాత ఆయిల్ ఉంటుంది. పికప్ ట్రక్కు ప్లౌకి సొంతంగా చిన్న కరెంటు పంపు, చలికి చిక్కబడని పల్చటి ఆయిల్ ఉంటాయి. ఏళ్ళ తరబడి చేరిన నీళ్ళు, తుప్పు కూడా ఉంటాయి. ఒంపేయకండి, దేనికైనా పనికొస్తుంది. కాంపాక్ట్ ట్రాక్టర్లలో చాలావాటికి హైడ్రాలిక్స్‌కీ గేర్‌బాక్సుకీ తడి బ్రేకులకీ కలిపి ఒకటే ఆయిల్. మీరు బ్లేడు ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే చాలు, రామ్‌లోని మడ్డి అంతా గేర్‌బాక్సులోకి చేరిపోతుంది. ఆ చిన్న కరెంటు పంపుతో ఇప్పుడు ట్రాక్టర్‌కి పనేమీ లేదు కదా, దాన్ని గరాజు మూల పెట్టండి. మీ ఆవిడ అదేమిటని అడిగేదాకా అక్కడే ఉంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి అన్నిటికన్నా మంచి చోటు క్రాస్‌ఓవర్ రిలీఫ్ వాల్వు. అరచేతిలో పట్టే దిమ్మ, రెండు హోసుల మధ్య కూర్చుంటుంది, పైకి ఏ పనీ చేస్తున్నట్టు కనిపించదు. కొనకండి. ఏం జరుగుతుందంటే, జాయ్‌స్టిక్ వదిలేశాక వాల్వు మధ్యకొచ్చి రామ్‌లోని ఆయిల్‌ని రెండు వైపులా బిగించేస్తుంది. అప్పుడు బ్లేడు మూల ఏ కాంక్రీటు గట్టుకో, గడ్డకట్టిన మట్టిపెళ్ళకో తగిలిందనుకోండి, ట్రాక్టర్ బరువంతా వేగంతో సహా ఆ చిక్కుకున్న ఆయిల్ మీద పడుతుంది. ఇలాంటి ట్రాక్టర్ల పంపు ఒత్తిడి సాధారణంగా చదరపు అంగుళానికి 2000 నుంచి 2500 పౌన్లు. ఈ దెబ్బకి రామ్‌లో ఒత్తిడి దాన్ని ఎంతో దాటిపోగలదు. పంపు దగ్గరున్న రిలీఫ్ వాల్వు మూసిన స్పూలుకి అవతల ఉంది, దానికి సంగతే తెలియదు. అలుగు లేని చెరువుకి వరదొస్తే ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పనిలేదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది. హోసు పగలొచ్చు, సీలు పోవచ్చు, రాడ్ వంగొచ్చు. వాల్వు ఉంటే ఆ ఆయిల్ రెండో రామ్‌లోకి పొంగిపోయి బ్లేడు కాస్త పక్కకి తప్పుకునేది. మీ దగ్గర వాల్వు లేదు, కాబట్టి తప్పుకునేది లోడరు చేతులే. లోడరు కింది నుంచి పైకి ఎత్తడానికి చేసినది, ముందుకి గుద్దడానికి కాదు. ఒక మూల మీద దెబ్బ పడితే మెలితిరుగుతుంది. వంగిన లోడరు దూరం నుంచి చూస్తే తెలియదు, బకెట్ నేల మీద ఒక మూల మీదే ఆనుతున్నప్పుడు తెలుస్తుంది.

వెనక త్రీ పాయింట్ లింకేజీకి మామూలు బ్లేడు తగిలించుకుంటే ఈ తంటాలో చాలాభాగం ఉండదు. వంద అడుగుల చదును డ్రైవ్‌వేకి నా ఓటు దానికే. కానీ మెడ తిప్పి చూస్తూ నడపాలి. ఈ వయసులో మెడ తిప్పుకోవడం కన్నా లోడరు వంచుకోవడం మేలంటారా, సరే.

ఇక నడపడం. వెనక బరువు పెట్టకండి. పికప్ ప్లౌ ఐదారు వందల పౌన్లుండొచ్చు, అది లోడరు పిన్నుల కన్నా బాగా ముందుకి వేలాడుతుంది కాబట్టి వెనక చక్రాలు తేలికపడతాయి. గొలుసులు కూడా లేకపోతే టైర్లు ఉన్నచోటే తిరుగుతూ ఐసుని నున్నగా మెరుగు పెడతాయి. జాయ్‌స్టిక్ ముందుకి చివరిదాకా తోస్తే ఫ్లోట్ అని ఒక స్థానం ఉంది, బ్లేడు నేల ఎత్తుపల్లాల వెంట తనంతట తను పోతుంది. దాన్ని వాడకండి. బ్లేడుని నేలకేసి అదమండి, ముందు చక్రాలు గాల్లోకి లేచి స్టీరింగు చేతిలో ఊరికే తిరుగుతుంది. కంకర దారి అయితే స్కిడ్ షూలు తీసేయండి, వసంతంలో కంకరంతా లాన్‌లోంచి ఏరుకునే వ్యాయామం ఉంటుంది. నేల గడ్డకట్టకముందు డ్రైవ్‌వే అంచుల్లో రంగు కర్రలు పాతుకోవడం పిరికివాళ్ళ పని. ఏడడుగుల బ్లేడు 30 డిగ్రీలు వాల్చితే తుడిచే వెడల్పు ఆరడుగుల చిల్లరే. ఆ తేడా వేగంతో పూడ్చుకోండి, గట్టు ఎక్కడుందో తగిలినప్పుడు తెలుస్తుంది. మొదటి మంచుని డ్రైవ్‌వే అంచుకే ఆపండి. ఫిబ్రవరికి రెండు పక్కలా గోడలు లేచి, తోసిన మంచుకి చోటుండదు, అప్పుడు రోడ్డుకి అడ్డంగా అవతలకి తోయొచ్చు. చాలా రాష్ట్రాల్లో అది చట్టరీత్యా తప్పు. ఫైను చిట్టీ తలుపుకి అంటించి వెళతారు, తెచ్చుకోవడానికి మీరు శ్రమపడి వెళ్ళక్కర్లేదు.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ డబ్బుతో తీరే నష్టాలు. ఒకటి అలాంటిది కాదు కాబట్టి దాన్ని తిరగేసి చదవొద్దు, ఉన్నదున్నట్టు చదవండి. హోసుకి సూదిమొనంత చిల్లు పడితే ఆయిల్ ధారలా కారదు, కంటికి సరిగ్గా కనబడని సన్నని జల్లుగా వస్తుంది. ఎక్కడ కారుతోందో అని దాని మీద వేళ్ళు పెట్టి తడిమితే ఆ జల్లు గ్లవ్స్‌నీ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గుర్తే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల ఆయిల్ కండ వెంబడి పాకుతూ ఉంటుంది. వేళ్ళు తీసేయాల్సి వచ్చినవాళ్ళున్నారు. లీకు వెతకాలంటే దూరం నుంచి అట్టముక్కో చెక్కముక్కో అడ్డం పెట్టి చూడండి. ఏ ఫిట్టింగు విప్పేముందైనా లోడరు నేలకి దించి, ఇంజన్ ఆపి, జాయ్‌స్టిక్ అన్నివైపులా కదపండి. అయినా ఆయిల్ చర్మంలోకి దూరిందన్న అనుమానం వస్తే పొద్దున చూద్దాంలే అనుకోకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళి, చేతిలోకి ఒత్తిడితో హైడ్రాలిక్ ఆయిల్ పోయిందని మొదటి మాటగా చెప్పండి. చిన్న గాటే కదా అని పట్టీ వేసి పంపబోతే కదలకండి, చేతి సర్జన్‌ని పిలిపించమని అడగండి.