జీరో టికెట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

"జీరో టికెట్ పైసలు గల్లగురిగిల వడాలె బిడ్డా, పండుగ దాంక దాన్ని పలగ్గొట్టొద్దు."

అవతారిక

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ మీదుగా మదీనా వైపు నడుస్తున్న ఒక తల్లి ఈ సూత్రాన్ని చెప్పింది. ఒక చేత ఎనిమిదేళ్ల కూతురు, ఇంకో చేత పదేళ్ల కొడుకు. కుడివైపున హైకోర్టు గుమ్మటాలు సాక్షి. మూలంలో లేనిదేదీ రాయనని మన మెదక్ సీమ కొల్చారం వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయనకు దొరికింది కాళిదాసు, బేరమాడే గృహిణి కాదు. కనుక మా ప్రతిజ్ఞ కాస్త సడలింది.

ప్రతిపదార్థం

జీరో టికెట్ పైసలు = 2023 డిసెంబరు 9న మొదలైన, ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వలన, ఆధార్ కార్డు చూపగా, కండక్టరు చేతికి పోక మిగిలిన సొమ్ము; గల్లగురిగిల = నెత్తిన సన్నని చీలిక గల మట్టి కుండలో; వడాలె = పడవలెను ('పడితే బాగుండును' అని తండ్రుల పాఠాంతరము); బిడ్డా = ఓ కూతురా (కొడుకుకు వర్తించదు, వానిది అర టికెట్టు); పండుగ దాంక = దసరా వరకు, పొరుగింటివారికి రంజాన్ వరకు; పలగ్గొట్టొద్దు = పగులగొట్టరాదు. నెలాఖరున పిన్నీసుతో లాగరాదని మూలంలో లేదు. తల్లి ఎరిగియే విడిచినదని మా అభిప్రాయము.

తాత్పర్యం

ఖర్చు తప్పినంత మాత్రాన పొదుపు కాదు. తప్పిన ఖర్చు ఆ పూటే కుండలో చప్పుడు చేయాలి.

వ్యాఖ్య

ఇక్కడ తార్కికులు అడ్డుపడతారు. కొనని టికెట్టుకు ధర ఏది? అసలా డబ్బు సర్కారు ఆర్టీసీకి కట్టేది కదా, మీ కుండలో ఎలా పడుతుంది? పెద్దలు ఈ వాదానికి లొంగిపోయి, మిగిలిందనుకున్న చార్జీని మదీనా దగ్గర చాయ్ బిస్కెట్లకు ఒప్పజెబుతారు. పిల్ల లొంగలేదు. "టికెట్ పైసలు ఏవమ్మా?" అని అరచెయ్యి చాచింది. తల్లి పర్సులోంచి పది రూపాయల బిళ్ల తీయక తప్పలేదు. లెక్కల్లో ఉన్న సొమ్ము లోహమైంది. ఈ సూత్రంలోని ప్రాణం ఇదే.

అంతటితో ఆగితే సూత్రం ఎందుకవుతుంది! పత్తర్‌గట్టిలో అరగంట బేరమాడి తల్లి చున్నీ మీద వంద తగ్గించింది. "నూరు మిగిలినయ్" అని భర్తకు ఫోన్ కూడా చేసింది. బిడ్డ మళ్లీ చెయ్యి చాచింది: "మరి ఆ నూరు ఏదమ్మా?" తరతరాలుగా ఈ బజారులో ఎంతోమంది ఎన్నో వందలు 'మిగిల్చారు'. అవి ఎక్కడున్నాయో ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు, మేమూ చెప్పలేము. పిల్లలకు డబ్బు గురించి నేర్పబోయే ఇంట్లో పెద్దవాళ్ల లెక్కలే ముందుగా బయటపడతాయి.

విశేషాలు

పండుగనాడు కుండ పగిలాక ఇంకో చిక్కు. పది రూపాయల బిళ్ల కిరాణా కొట్టులో "నడవదు". పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. రూపాయి, అంతకు పైబడిన నాణేలతో ఒక్కసారికి 1000 రూపాయల దాకా చెల్లించవచ్చని 2011 నాణేల చట్టం అంటోంది. శ్రుతి ఒకటి చెబితే లోకాచారం ఇంకొకటి. ఈ ఊరికి ఇది కొత్త కాదు. తాతల కాలంలో చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా ఒకటి, బ్రిటిష్ కల్దార్ ఒకటి, సుమారు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆనాటి పిల్లలకు పొదుపు కంటే ముందు మారకం తెలియాల్సి వచ్చేది.

పోస్టాఫీసులో ఈ బిడ్డ పేర సుకన్య సమృద్ధి ఖాతా ఉందట, ఏడాదికి కనీసం 250 రూపాయలు వేయాలి. మంచిదే. కానీ చప్పుడు రాని సొమ్ము మీద ఎనిమిదేళ్ల పిల్లకు నమ్మకం తక్కువ. పదేళ్లు నిండినవాళ్లు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే అన్నకు అర్హత వచ్చింది, ఆదాయం రాలేదు.

అన్న శంక

"మదీనా దాకా బస్సుల పోయేటోళ్లం. నువ్వు అఫ్జల్‌గంజ్‌ల దింపి నడిపిస్తున్నవ్. నా అర టికెట్ల మిగిలిన పైసలు నాకియ్యి."

దీనికి తల్లి చెప్పిన సమాధానం ఆటోల హారన్లలో వినబడలేదు. ఇచ్చట గ్రంథపాతము.